ఇంటి కొలిమి: అదనుకు అందే పదును



ఈ పూట విత్తనం గురించి గాని, ఎరువు గురించి గాని చెప్పబోవటం లేదు. ఇంటి దగ్గర చిన్న కొలిమి కొట్టం ఎలా కట్టుకోవాలి, అందులోకి ఏ సామాను కావాలి, ఏ జాగ్రత్తలు పడాలి అనే సంగతి చెబుతాను. “కొలిమి కమ్మరి పని కదా, వ్యవసాయ శాఖ మనిషికి దానితో ఏం పని?” అని మీరడగవచ్చు. పని ఉన్నది. వినండి.

మనం ‘పదును’ అనే మాటను రెండు చోట్ల వాడుతాం. వాన కురిసి, నేల విత్తనానికి తగినంత తేమ పట్టి ఉంటే నేల పదును మీద ఉన్నదంటాం. కర్రు మొన సరిగా సాగి, గట్టిగా ఉంటే కర్రు పదునుగా ఉన్నదంటాం. ఈ రెండు పదునులూ ఒకే రోజున కలిసినప్పుడే సేద్యం సాగుతుంది. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఆ రోజు పోయినట్టే.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు నల్లరేగడిలో ఈ సంగతి మరీ ముఖ్యం. కొత్తపల్లె రైతుకు దీన్ని వేరే చెప్పనక్కరలేదు. రేగడి నేల వాన పడిన నాడు కాలు పెట్టనీయదు. బాగా ఆరితే బండలాగా బిగిసి పెళ్లలు లేస్తుంది. నడుమ ఉండేది కొద్ది రోజుల గడువే. ముంగారిలో ఒక వాన పోయినా ఇంకో వాన కోసం చూడవచ్చు. హింగారి శనగకు ఆ ధైర్యం లేదు. నేలలో దాగిన తేమ మీదనే మొలవాలి, దాని మీదనే కాపు కాయాలి. పైన రెండంగుళాలు ఆరిపోయే లోపల గొర్రు దిగాలి.

అటువంటి రోజున గొర్రు మొనలు అరిగి ఉన్నాయనుకుందాం. మొద్దుబారిన మొన తేమ దాకా దిగదు, పైపైన గీసుకుంటూ పోతుంది. విత్తనం పొడి మట్టిలో పడుతుంది. రైతు మొనలు విప్పి, మోటారు సైకిలు మీద వేసుకొని టౌనుకు పోతాడు. అక్కడ కొలిమి దగ్గర తనకంటే ముందు పదిమంది కూర్చొని ఉంటారు. అందరికీ ఒకే రోజున వాన పడ్డది కాబట్టి, అందరి పనీ ఒకే రోజున పడుతుంది. సాయంత్రానికి పని కాదు. “రేపు రా” అంటారు. ఆ రేపటికి గాలి తిరిగి నేల ఆరిపోతే, ఎకరాకు ఎన్ని గింజలు మొలవకుండా పోయినవో లెక్క కట్టేవారెవరు?

వెనుకటి రోజుల్లో ప్రతి ఊరికీ కమ్మరి ఉండేవాడు. ఊరి ఆయగాళ్లలో ఆయనొకడు. కళ్లంలో రాశి కొలిచినప్పుడు ఆయన మేర ఆయనకు ఇచ్చేవారు. ఆయన ఏడాది పొడుగునా కర్రులు సాగగొట్టేవాడు, కొడవళ్లకు కక్కు కొట్టేవాడు, బండి చక్రాలకు పట్టా ఎక్కించేవాడు. ఎద్దుల సేద్యం తగ్గి ట్రాక్టర్లు వచ్చిన కొద్దీ, అంగట్లో తయారు సామాను దొరికిన కొద్దీ, ఆ మేర పోయింది. చాలా ఊళ్లలో కొలిమి ఆరిపోయింది. కాని పార, గడ్డపార, తొలిక, కొడవలి, గొడ్డలి, గుంటక, గొర్రు మొన మన చేతిలోంచి పోలేదు. పని మిగిలింది, పనివాడు దూరమయ్యాడు.

ఇది మన ప్రాంతానికి చిన్నతనం కాకూడదు. ఉక్కు విద్య మన తెలుగు నేలకు కొత్తది కాదు. ఇప్పటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు దిమ్మెలను కొనుక్కోవటానికి 19వ శతాబ్దం మొదట్లో కూడా ఇరాను దేశపు వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కుతో డమాస్కసు కత్తులనే పేరుగల కత్తులు తయారయ్యేవి. ఇంత దూరం ఎందుకు, మన ఆళ్లగడ్డ శిల్పులను చూడండి. రాతి మీద చేతి ఉలి పనిచేయాలంటే ఆ ఉలి మొనను మళ్లీ మళ్లీ నిప్పులో పెట్టి సాగగొట్టి పదును ఎక్కించాలి. మిషను పనిముట్లు ఎన్ని వచ్చినా, చేతి ఉలి ఉన్నంత కాలం దాని వెనుక కొలిమి ఉండాల్సిందే.

అయితే మొదటనే ఒక మాట. ఇంటి కొలిమి కమ్మరి పొట్ట కొట్టటానికి కాదు. మీ ఊళ్లో గాని, పక్క ఊళ్లో గాని కమ్మరి ఉంటే, ఆయనను పిలిచి, కూలి ఇచ్చి, ఆయన దగ్గర కూర్చొని నేర్చుకోండి. బండి పట్టా ఎక్కించటం, ఇనుము అతకటం వంటి పెద్ద పనులు ఆయనవే. మొన సాగగొట్టటం, వంపు తీయటం, అంచు పెట్టటం వంటి అత్యవసరపు పనులు మీవి. కమ్మరి కుటుంబంలోని కుర్రవాడే మళ్లీ కొట్టం కట్టుకోదలిస్తే మరీ మంచిది. ఇప్పుడు చెప్పబోయేది ఇద్దరికీ పనికివస్తుంది.

ముందు చోటు సంగతి. కొలిమికి నిప్పురవ్వ సహజం. కాబట్టి గడ్డివాముకు, కంది కట్టె కుప్పకు, పత్తి పోసిన గదికి, బోద కొట్టానికి కనీసం యాభై అడుగుల దూరం ఉండాలి. ఆ దూరం చాలదు, గాలి కూడా చూడాలి. ఏ నెలలో ఏ దిక్కునుంచి బలంగా గాలి వీస్తుందో మీకు తెలుసు. ఆ గాలి కొలిమి మీదుగా వాముల వైపు పోకూడదు. డీజిలు డబ్బాలు, పురుగుమందు సీసాలు, గ్యాసు బండ ఆ కొట్టంలో ఉంచవద్దు. నీళ్ల కుళాయి గాని, తొట్టి గాని చేతికి అందేటంత దగ్గర్లో ఉండాలి.

కొట్టం పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉంటే ఒక మనిషి, ఒక సమ్మెట కొట్టేవాడు సుఖంగా పనిచేయవచ్చు. మధ్య ఎత్తు పదడుగులకు తగ్గవద్దు. కప్పు రేకులది గాని, పెంకులది గాని కావాలి. బోద, కొబ్బరాకు, టార్పాలిను పనికిరావు. రెండు వైపులా గోడ, రెండు వైపులా తెరిపి ఉంచండి. బొగ్గు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. కాబట్టి చలికాలమైనా, వానకాలమైనా తలుపులు మూసుకొని కొలిమి పని చేయరాదు.

నిప్పు ఉండే మూల కొంచెం నీడగా ఉండాలి. ఇనుము వేడిని మనం రంగును చూసి తెలుసుకోవాలి. ఎర్రటి ఎండలో ఆ రంగు కనబడదు. చల్లగా ఉందనుకొని ఇంకా కాల్చి, ఇనుమును పాడు చేస్తాం. అందుకని సాయంత్రపు ఎండ కొలిమి మీద పడకుండా పడమటి వైపు గోడ పెట్టండి.

ఇక నేల. ఇక్కడ మన రేగడి గుణం మరిచిపోవద్దు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు వారుతుంది. దాని మీద నేరుగా దాగలి నిలబెడితే ఒక్క ఏడాదిలో ఒరుగుతుంది, కొలిమి గోడ చీలుతుంది. కాబట్టి కొలిమి, దాగలి వచ్చే చోట మూడడుగుల లోతు రేగడి తీసివేసి గరుసు నింపండి. అర అడుగు చొప్పున పోసి, నీళ్లు చల్లి, దిమ్మెసతో కొట్టండి. పైన కూడా గరుసు నేలే మంచిది. సిమెంటు నేల మీద ఎర్రగా కాలిన ఇనుము పడితే పైపొర చిట్లి ఎగురుతుంది.

మన వైపు బేతంచెర్ల నాపరాళ్లు చవక. ఇంటికి పరుస్తాం, అరుగుకు వేస్తాం. కొలిమికి మాత్రం వేయవద్దు. నాపరాయి సున్నపు రాయి జాతి. గట్టి నిప్పు తగిలితే పగులుతుంది, ముక్కలు కంటి మీదికి ఎగురుతాయి. ఎక్కువ వేడికి పొడి సున్నమై రాలిపోతుంది. ఏటిలో దొరికే గుండ్రాళ్లు కూడా వద్దు. లోపల తేమ ఉన్న రాయి కాలితే పేలుతుంది.

కొలిమి దిమ్మెను బాగా కాలిన ఇటుకతో, మట్టి అడుసుతో కట్టండి. వెనుకటి పద్ధతిలో కొలిమి నేల మీద ఉండి, మనిషి కూర్చొని పనిచేసేవాడు. అలవాటున్న వారికి అదే సుఖం. కొత్తగా నేర్చుకునేవారికి నిలబడి చేసే కొలిమి మంచిది. ఎత్తు రెండున్నర అడుగులు, పైభాగం రెండున్నర అడుగుల చతురం చాలు. నడుమ నిప్పు గుంట తొమ్మిదంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు ఉంచండి. మన పనిముట్లకు ఇంతకన్నా పెద్ద గుంట అక్కరలేదు. గుంట పెద్దదైతే బొగ్గు దండగ, వేడి చెదిరిపోతుంది.

గుంటకు లోపల మెత్తే మట్టి రేగడి కాకూడదు. ఆరగానే పగులుతుంది. పుట్టమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, కొంచెం వరి ఊక కలిపి, రెండు రోజులు నానబెట్టి, బాగా తొక్కి, రెండంగుళాల మందాన మెత్తండి. నీడన వారం రోజులు ఆరనివ్వండి. తరువాత రెండు మూడు రోజులు సన్న మంట మాత్రమే పెట్టండి. తొందరపడి మొదటి రోజే గట్టి నిప్పు చేస్తే మట్టిలోని నీరు ఆవిరై పెచ్చులు ఊడతాయి.

నిప్పుకు ప్రాణం గాలి. వెనుకటి తోలు తిత్తి బాగు చేసేవారు ఇప్పుడు అరుదు. చేతితో తిప్పే ఇనుప ఫ్యాను దొరుకుతుంది. అదే కొనండి. కరెంటు ఫ్యాను తిప్పటానికి హాయిగా ఉంటుంది గాని, గాలి ఎక్కువై బొగ్గు వేగంగా కరిగిపోతుంది. దానికి గాలి తగ్గించే మూత తప్పక ఉండాలి. పైగా వాన వచ్చిన రోజునే కరెంటు పోతుంది, ఆ రోజునే మనకు కొలిమి కావాలి. చేతి ఫ్యానుకు ఆ బెడద లేదు.

ఫ్యాను నుంచి నిప్పు గుంటకు పోయే గొట్టం అంగుళంన్నర బోలు ఉన్న మామూలు నల్ల ఇనుప పైపు కావాలి. నీళ్లకు వాడే తెల్ల జి.ఐ. పైపు వాడవద్దు. దాని మీద జింకు పూత ఉంటుంది. నిప్పు తగిలితే తెల్లని పొగ వస్తుంది. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పాత జి.ఐ. రేకు, జింకు బకెట్టు ముక్క, పూత వేసిన బోల్టు, ఏదైనా ఇదే మాట. ఇటువంటివి కొలిమిలో పెట్టరాదు. కట్టె బొగ్గుకు గొట్టం పక్కనుంచి రావటం మంచిది. దాని కొన నెమ్మదిగా కాలిపోతుంది కాబట్టి, కొన ముక్కను విడిగా పెట్టి, ఒకటి అదనంగా ఉంచుకోండి.

బొగ్గు సంగతి. నేల బొగ్గు కన్నా కట్టె బొగ్గు మన పనికి అనువైనది. మనకు దొరికే సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ. కొలిమిలో చిట్టెం కడుతుంది, పొగ కూడా హెచ్చు. కట్టె బొగ్గు శుభ్రమైనది, గంధకం బెడద లేనిది. దీనికోసం నల్లమలలో చెట్టు నరకనక్కరలేదు, నరకరాదు కూడా. అది చట్ట ప్రకారం నేరం. మన పొలాల గట్ల మీద, బీళ్లలో కావలసినంత సర్కారు తుమ్మ ఉన్నది. ఈ చెట్టు మన దేశపుది కాదు. 1870 దశకంలో జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప ప్రాంతంలో వేశారు. వంట చెరకు కోసం తెచ్చిన చెట్టు బీళ్లన్నీ ఆక్రమించింది. దాని బొగ్గు మాత్రం గట్టిది, మంచి వేడినిస్తుంది. మీ బీడులోని కంప కొట్టి బొగ్గు చేసుకుంటే బీడు బాగుపడుతుంది, కొలిమికీ బొగ్గు వస్తుంది. వాడేటప్పుడు నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి, పొడి జల్లించి వేయండి. పొడి వేస్తే గాలి ఆడదు, రవ్వలు లేస్తాయి.

ఇక దాగలి. ఇనుము కొట్టటానికి కింద పెట్టే దిమ్మె ఇది. దీనికి మించిన సామాను కొలిమిలో లేదు. కొత్తది ఖరీదు ఎక్కువ. రైలు పట్టా ముక్క మంచి దాగలి అవుతుంది. మీటరు 52 కిలోల రకం పట్టా రెండడుగుల ముక్క దాదాపు 32 కిలోలు తూగుతుంది. మన పనికి అది చాలు. అయితే జాగ్రత్త! రైలు మార్గం పక్కన పడి ఉన్న ముక్కను ఇంటికి తెచ్చుకున్నా నేరమే. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవటం 1966 నాటి చట్టం కింద శిక్ష పడే నేరం. రైల్వే వేలంలో కొన్న వ్యాపారి దగ్గర రసీదుతో కొనండి, ఆ రసీదు దాచుకోండి. అది కుదరకపోతే పాత యంత్రాల సామాను అమ్మే అంగడిలో మందమైన ఉక్కు దిమ్మె ఏదైనా చూడండి. పోత ఇనుప దిమ్మె తీసుకోవద్దు. సమ్మెట దెబ్బకు పగులుతుంది.

పట్టాను పడుకోబెట్టి బిగించవచ్చు, నిలబెట్టీ బిగించవచ్చు. నిలబెడితే దెబ్బ కింద ఇనుము ఎక్కువ ఉంటుంది కాబట్టి దెబ్బకు బలం వస్తుంది. పడుకోబెడితే పొడవైన పని సులువు. పడుకోబెట్టేదానికి నల్లతుమ్మ గాని, వేప గాని, అడుగు వెడల్పున్న మొద్దు తీసుకొని, అడుగున్నర లోతు గరుసులో పాతి గట్టించండి. ఎత్తు కొలత ఒకటే. మీరు నిటారుగా నిలబడి, చేయి వదిలి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి కణుపులకు దాగలి పైభాగం తగలాలి. తక్కువైతే నడుము పోతుంది, ఎక్కువైతే భుజం పోతుంది. కొలిమికి, దాగలికి నడుమ ఒక్క అడుగు తిరిగితే అందేటంత దూరమే ఉండాలి. ఎర్రని ఇనుము పట్టుకొని నాలుగడుగులు నడిస్తే వేడి పోతుంది, ప్రమాదం కూడా.

తక్కిన సామాను ఇది. కిలో బరువు సుత్తె ఒకటి. నాలుగైదు కిలోల సమ్మెట ఒకటి. పట్టకార్లు మూడు: పలకలు పట్టేది, గుండ్రని కడ్డీలు పట్టేది, చిన్న పనికి సన్ననిది. పట్టకారు మూతి ఇనుమును గట్టిగా, సందు లేకుండా పట్టాలి. పట్టు తప్పి ఎగిరిన ఎర్రని ముక్కే ఎక్కువ గాయాలు చేస్తుంది. ఇనుము తెగగొట్టే శానం ఒకటి. బెజ్జం కొట్టే మేకులు రెండు. ఆకురాళ్లు రెండు, ముతకది, సన్నది. గట్టి బల్లకు బిగించిన వైసు ఒకటి. తీగ బ్రష్షు ఒకటి. నీళ్ల తొట్టి, మూత ఉన్న ఇనుప నూనె డబ్బా, రెండు బకెట్ల ఇసుక. అన్నీ ఒక్కసారి కొననక్కరలేదు. సుత్తె, ఒక పట్టకారు, దాగలి, నిప్పు ఉంటే మొదటి పని చేసుకోవచ్చు. రెండో పట్టకారును మీరే చేసుకోండి. నేర్చుకోవటానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

పనిలోకి దిగే ముందు ఇనుము జాతి తెలియాలి. సామాన్యంగా మనకు మూడు రకాలు తగులుతాయి. మెత్తని ఇనుము, ఉక్కు, పోత ఇనుము. ఇళ్లకు వాడే పట్టీ, కోణపు కడ్డీ మెత్తని ఇనుము. ఇది బాగా సాగుతుంది గాని, నీళ్లలో ముంచినా గట్టిపడదు. లారీ కమాను పట్టీ, పాత ఆకురాయి ఉక్కు. ఇది గట్టిపడుతుంది. పంపు సెట్టు బాడీ వంటిది పోత ఇనుము. కాల్చి కొడితే ముక్కలవుతుంది, కొలిమి పనికి రాదు. తేడా తెలియకపోతే సాన మిషను మీద ఒక్క క్షణం తగిలించి రవ్వలు చూడండి. మెత్తని ఇనుము రవ్వలు పొడవుగా గీతల్లాగా పోతాయి. ఉక్కు రవ్వలు దీపావళి చిచ్చుబుడ్డి మాదిరి కొసన పువ్వులు విచ్చుకుంటాయి. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, మందమైన ఎరుపుగా ఉంటాయి. కళ్లకు అద్దాలు పెట్టుకొనే ఈ పరీక్ష చేయాలి.

వేడి రంగులు ఇప్పుడు చెబుతాను. ముదురు ఎరుపు దాదాపు 700 డిగ్రీలు. ఆ వేడిలో పెద్ద దెబ్బలు వేయరాదు. దొండపండు ఎరుపు దాటి నారింజ రంగుకు వస్తే 900 నుంచి 950 డిగ్రీలు. సాగగొట్టటానికి నారింజ రంగు నుంచి పసుపు దాకా మంచి వేడి. ఉక్కుకు పసుపు దాటనివ్వవద్దు. తెల్లబడి రవ్వలు చిమ్మితే ఇనుము కాలిపోయినట్టే, ఆ ముక్క కోసి పారవేయాలి. ఎరుపు తగ్గగానే కొట్టటం ఆపి, మళ్లీ నిప్పులో పెట్టండి. చల్లబడిన ఉక్కును కొడితే కంటికి కనబడని పగులు పడుతుంది. ఆ పగులు చేనులో బయటపడుతుంది.

గొర్రు మొన, మడక కర్రు సాగగొట్టేటప్పుడు మొన మూడంగుళాలు మాత్రమే కాల్చండి. నాలుగు పక్కలా తిప్పుతూ కొట్టండి. ఒక పక్కనే కొడితే మొన ఒరుగుతుంది, గొర్రు చాలు తప్పుతుంది. ఒక గొర్రులోని మొనలన్నీ ఒకే పొడవు రావాలి. ఒక మంచి మొనను కొలత ముక్కగా పక్కన పెట్టుకొని, దానితో సరిచూడండి. పొడవు తేడా ఉంటే ఒక సాలు విత్తనం లోతుకు పోతుంది, ఒక సాలు పైన పడుతుంది, మొలక ఎగుడుదిగుడుగా వస్తుంది. గుంటకకు వేసే పట్టీ అయితే అంచు పొడుగునా ఒకే పలుచన రావాలి.

రోటావేటరు బ్లేడు వంగితే మాత్రం కొలిమిలో పెట్టవద్దు. అది ఫ్యాక్టరీలో ప్రత్యేకంగా పదును పెట్టిన ఉక్కు. మనం కాల్చితే ఆ పదును పోతుంది. వేగంగా తిరిగేటప్పుడు విరిగితే మనిషి కాలికి తగులుతుంది. దానికి కొత్త బ్లేడే వేయాలి.

ఇక కొడవలికి, తొలికకు పదును పెట్టటం. ఇది కమాను పట్టీ వంటి ఉక్కుకే సాధ్యం. వస్తువు రూపు వచ్చాక అంచును దొండపండు ఎరుపు దాకా సమంగా కాల్చండి. వేడి చాలిందో లేదో తెలుసుకోవటానికి చిన్న అయస్కాంతం దారానికి కట్టి దగ్గర పెట్టండి. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవటం మానుతుంది. అక్కడి నుంచి ఇంకొంచెం కాల్చి, వెంటనే నూనెలో ముంచండి. కమాను ఉక్కును నీళ్లలో ముంచితే చాలాసార్లు పగులుతుంది. నూనె డబ్బా ఇనుపదై ఉండాలి, సగమే నింపాలి, మూత పక్కనే ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేయండి. నీళ్లు పోస్తే మంట ఎగజిమ్ముతుంది.

ఇలా గట్టిపడిన ఉక్కు గాజులాగా పెళుసు. అలాగే వాడితే రాయి తగిలిన మొదటి రోజునే విరుగుతుంది. కాబట్టి పెళుసు దించాలి. అంచును ఆకురాయితో మెరిసేదాకా రుద్ది, వెనుక భాగం నుంచి మెల్లగా వేడి ఎక్కించండి. అంచు మీద రంగులు నడుస్తాయి. ముందు గడ్డి రంగు, 230 డిగ్రీలు. తరువాత కాఫీ రంగు, 255. ఆపైన వంకాయ రంగు, 275. చివరకు నీలం, 295 దగ్గర. కొడవలికి కాఫీ రంగు వద్ద ఆపండి. తొలికకు, రాతి నేలలో పనిచేసే గడ్డపార మొనకు వంకాయ రంగు దాటి నీలం వచ్చేదాకా పోనివ్వండి. కొంచెం మెత్తనైనా ఫరవాలేదు, విరగదు.

ప్రమాదాల గురించి మళ్లీ చెప్పినా తప్పులేదు. నైలాను, టెర్లిను బట్టలతో నిప్పు దగ్గరికి పోవద్దు. రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు బట్ట, తోలు చెప్పు కాదు, తోలు బూటు, కళ్లకు అద్దాలు కావాలి. తుండుగుడ్డ మెడలో వేలాడనివ్వవద్దు. ఆడవారు పనిచేస్తే చెంగు బిగించి దోపుకోవాలి. రెండు కొనలూ మూసిన గొట్టం, పాత షాకబ్సార్బరు, గ్యాసు డబ్బా కొలిమిలో పెడితే పేలతాయి. నల్లగా కనబడే ఇనుము చల్లగా ఉందనుకోవద్దు. నలుపులో కూడా చేయి కాల్చేంత వేడి దాగి ఉంటుంది. పిల్లలు దూరేటట్టు ఉంటే తడిక కట్టి తాళం వేయండి. పని ముగిశాక నిప్పు ఆర్పి, బూడిద కలిపి చూసి, అరగంట అక్కడే ఉండి, ఆ తరువాతనే ఇంటికి పొండి.

ఒళ్లు కాలితే ఇరవై నిమిషాల పాటు చల్లని నీళ్ల ధార కింద పెట్టండి. సిరా, పేస్టు, పసుపు, పేడ ఏదీ పూయవద్దు. బొబ్బ పగలగొట్టవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపొండి. పెద్ద గాయమైతే 108కి ఫోను చేయండి. కంట్లో ముక్క పడితే నలపవద్దు, డాక్టరుకే చూపించండి.

ఖర్చు సంగతి అడుగుతారు. ప్రతి ఇంటికీ ఒక కొలిమి అక్కరలేదు. నలుగురైదుగురు రైతులు కలిసి ఒక కొట్టం కట్టుకుంటే భారం తెలియదు. బొగ్గు ఎవరికి వారు తెచ్చుకోవాలి, సామాను లెక్క ఒకరి దగ్గర ఉండాలి. తాళం చెవి ఎవరి దగ్గరుండాలో ముందే మాట్లాడుకోండి. లేకపోతే వాన రోజున తగాదా.

కమ్మరి వృత్తివారికి ఇంకొక దారి ఉన్నది. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం ఒకటి. చేతులతో, పనిముట్లతో ఆ వృత్తి సొంతంగా చేసుకునేవారు, 18 ఏళ్లు నిండినవారు, కుటుంబానికి ఒకరు చొప్పున నమోదు చేసుకోవచ్చునని నియమం. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల సహాయం, ఆపైన 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష, రెండో విడత రెండు లక్షల దాకా రుణం అందులో పెట్టారు. నమోదు సి.ఎస్.సి. సేవా కేంద్రంలో జరుగుతుంది, పంచాయతీ పరిశీలిస్తుంది. దరఖాస్తుకు ముందు అప్పటి నియమాలు అక్కడే అడిగి తెలుసుకోండి. విస్తరణ మిత్రులారా! మీ ఊళ్లో ఇటువంటి కుటుంబం ఉంటే వారికి ఈ సంగతి ఇంటికి పోయి చెప్పండి. కాగితాలు నింపటంలో సాయపడండి. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉన్నది. అక్కడి నుంచి మనం మంచి విత్తనం తెస్తున్నాం. ఆ విత్తనం సరైన లోతులో పడాలంటే ఊళ్లో ఒక సుత్తె మోగుతూ ఉండాలి. రైతుకు విత్తనం చెప్పినట్టే ఇదీ చెప్పటం మన పని.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎండాకాలంలో రేగడి ఆరి ఉన్నప్పుడు గుంట తవ్వి గరుసు నింపండి. ఆ ఎండలోనే ఇటుక కట్టడం, మట్టి మెత్తడం అయిపోవాలి. కంప కొట్టి బొగ్గు చేసి, తడవకుండా మూటలు కట్టి ఉంచండి. గాలి లేని పొద్దుటి పూటల్లో నేర్చుకోండి. మొదటి వారం పాత కడ్డీ ముక్కల మీదనే చేయి తిప్పండి, మంచి మొన మీద కాదు. ముంగారి మొదటి వానకు ముందే మడక, గుంటక, గొర్రు అన్నీ బయటికి తీసి చూడండి. అరిగిన మొనలు సాగగొట్టి, రెండు జతలు అదనంగా తయారు చేసి, నూనె రాసి, అటక మీద పెట్టండి.

వాన పడ్డ రాత్రి మీ చేతిలో చేయాల్సిన పని ఒకటే ఉండాలి: తెల్లవారుజామున లేచి గొర్రు కట్టటం.